పాత 911కి ఉన్నవి అసలు ఫుక్స్ వీల్సా, లేక చూడ్డానికి మాత్రమే అలా ఉన్నవా?

పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్ళు ఇంజిన్ నంబర్ చూస్తారు, చాసిస్ నంబర్ ఎవరైనా గీకారేమో అని టార్చ్ వేసి చూస్తారు, పెయింట్ మందం కొలిచే మీటర్ పట్టుకుని కారు చుట్టూ తిరుగుతారు, తీరా చక్రాల దగ్గరికొచ్చేసరికి మెరుస్తున్నాయా, గీతలేమైనా ఉన్నాయా అని ఓ చూపు చూసి వదిలేస్తారు. కానీ 1960లు, 70ల నాటి పోర్షే 911 విషయంలో ఆ నాలుగు చక్రాలే వేల డాలర్లు పలుకుతాయి. అదే ఆకారంలో పోత పోసిన కాపీ సెట్ దానికన్నా చాలా తక్కువకే దొరుకుతుంది. ఇంత తేడా ఉన్నచోట మోసం జరక్కుండా ఎలా ఉంటుంది. పైగా చాలాసార్లు అమ్మేవాడు మోసగాడు కూడా కాదు, తనకి అమ్మినవాడు ఒరిజినల్ అన్నాడు, వీడు నమ్మాడు, ఇప్పుడు ఇంకొకడికి అదే చెప్తున్నాడు, అంతే.

ముందు ఈ చక్రం కథ కొంచెం తెలియాలి, ఎందుకంటే నకిలీని పట్టించే గుర్తులన్నీ అది తయారైన పద్ధతిలోంచే వస్తాయి. పోర్షే 1966లో, 1967 మోడల్ కింద 911 ఎస్ అనే కొంచెం పవర్‌ఫుల్ వెర్షన్ తెచ్చింది. దానికి స్టీల్ చక్రాలకన్నా తేలికైనవి కావాలి, కానీ అప్పట్లో తేలిక చక్రాలంటే ఎక్కువగా రేసుల్లో వాడే మెగ్నీషియం పోత చక్రాలే, వాటికేమో తుప్పు సమస్య, రోజూ రోడ్డు మీద తిరిగే కారుకి పనికిరావు. అందుకని జర్మనీలో మైనెర్జ్‌హాగెన్ అనే ఊళ్ళో ఉన్న ఓటో ఫుక్స్ అనే కంపెనీతో కలిసి అల్యూమినియంని ఫోర్జ్ చేసి చక్రం తయారుచేశారు. ఆకారం గీసింది పోర్షే స్టూడియోలో పనిచేసిన హైన్‌రిష్ క్లీ, దానికి 911 డిజైనర్ ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే కొన్ని మార్పులు చేశాడు. అయిదు రేకుల పువ్వులా ఉండే ఆ ఆకారం అప్పట్నుంచి 1989లో పాత తరం 911 ఆగిపోయేదాకా ఏదో ఒక సైజులో కొనసాగింది. మొదటిది 4.5 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల డయామీటర్. స్టీల్ చక్రంతో పోలిస్తే ఒక్కోటి రెండు కిలోల పైనే తక్కువ బరువు, నాలుగు చక్రాల మీద, అదీ స్ప్రింగుల కింద ఉండే బరువులో అంత తగ్గడం అంటే ఆ రోజుల్లో మామూలు విషయం కాదు.

ఇక అసలు సంగతి, ఫోర్జింగ్ అంటే ఏం చేస్తారు? కరిగించిన లోహాన్ని అచ్చులో పొయ్యరు. దాదాపు 97 శాతం అల్యూమినియం ఉండి మిగతాది మెగ్నీషియం, సిలికాన్, మాంగనీస్ లాంటివి కలిసిన కడ్డీలోంచి ఒక దిమ్మ కోసి, వేడిచేసి, పెద్ద ప్రెస్ కింద పెట్టి విడతలు విడతలుగా నొక్కుతారు. మధ్యలో చిల్లు పడుతుంది, రేకుల ఆకారం వస్తుంది, ఇంకా రిమ్ ఉండదు, చుట్టూ మందపాటి అంచు మాత్రం ఉంటుంది. ఆ అంచుని చీల్చి, రోలర్ల మధ్య తిప్పుతూ రెండువైపులకీ సాగదీస్తే టైరు కూర్చునే రిమ్ తయారవుతుంది. ఆ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్, లేత్ మీద పని, బోల్టు రంధ్రాలు, పాలిష్, చివర్లో అనోడైజింగ్. అంటే చక్రం మొత్తం ఒకే ముక్క, ఎక్కడా అతుకు లేదు. నొక్కుడు వల్ల లోహం లోపలి రేణువులు ఆకారం వెంబడే సాగి దట్టంగా సర్దుకుంటాయి, గాలి బుడగలుండవు, అందుకే గోడలు పల్చగా చేసినా బలం తగ్గదు.

రెప్లికాలో ఎక్కువ శాతం పోత పోసినవే. కరిగిన అల్యూమినియం అచ్చు మూలమూలకీ పారాలి కాబట్టి అందులో సిలికాన్ ఎక్కువ కలపాలి, వీల్స్‌కి మామూలుగా వాడే ఏ356 అనే మిశ్రమంలో సిలికాన్ 7 శాతం దాకా ఉంటుంది. పోసిన లోహంలో సన్నటి రంధ్రాలు మిగలొచ్చు, రేణువులు ఒక వరసలో ఉండవు, అందుకని అదే బలం రావాలంటే మందం పెంచాల్సిందే. ఇక్కడే కాపీ చేసేవాడికి చిక్కొస్తుంది. ముందు నుంచి చూస్తే రేకు వెడల్పు, వంపు అసలుదానిలాగే ఉండాలి, ముందు మందం పెంచితే కనిపించిపోతుంది, కాబట్టి ఆ ఎక్కువ లోహం అంతా వెనకకో, రిమ్ లోపలికో, రేకు రిమ్‌ని కలిసే మూలల్లోకో వెళ్ళి కూర్చోవాలి. అలాగే అచ్చులోంచి చక్రం ఊడి రావాలంటే అంచులు కొంచెం గుండ్రంగా, గోడలు కొంచెం వాలుగా ఉండాలి. అసలు ఫుక్స్ రేకు అంచు తీరుగా, గీత గీసినట్టు ఉంటుంది, చాలా కాపీల్లో అదే చోట కాస్త ఉబ్బినట్టు, సబ్బు అరిగినట్టు ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే కొత్తవాళ్ళకి కూడా తెలుస్తుంది. ఒక్కటే ఉన్నప్పుడే కష్టం.

అందుకని చక్రాన్ని ముందునుంచి ఎంతసేపు చూసినా పెద్దగా లాభం లేదు. ఫొటోల్లో అందరూ పెట్టేది ముందువైపే, ఫొటో చూసి ఒరిజినలేనని బల్లగుద్ది చెప్పేవాళ్ళు చూసేదీ ముందువైపే. కారు జాకీ మీద లేపి, చక్రం ఊడదీసి, వెనక ఉన్న బ్రేక్ దుమ్ము కడిగి చూస్తేనే సంగతి తేలుతుంది. అమ్మేవాడు చక్రం ఊడదీయడానికి ఒప్పుకోకపోతే అదే పెద్ద సమాధానం అనుకోవచ్చు, అయిదు నట్లు విప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది మరి.

వెనకవైపు చూడాల్సినవి ఏంటంటే, ఫుక్స్ కంపెనీ గుర్తు, పోర్షే పార్ట్ నంబర్, సైజు, తయారైన నెలా ఏడాదీ. పోర్షే పార్ట్ నంబర్లకి ఒక పద్ధతి ఉంది, మొదటి మూడు అంకెలు ఏ మోడల్ కోసం మొదలైందో చెప్తాయి, తర్వాతి మూడు ఏ గ్రూపో చెప్తాయి, చక్రాల గ్రూపు 361. 911 ఫుక్స్ చక్రాల్లో ఎక్కువగా కనిపించేది 911 361 020 అనే వరస, దాని తర్వాత వచ్చే చివరి రెండు అంకెలు సైజుని బట్టి, వెర్షన్‌ని బట్టి మారతాయి. బాగా తొలినాటి సన్న చక్రాల మీద 901తో మొదలయ్యే నంబర్లు కూడా ఉంటాయి, అది చూసి నకిలీ అనుకోకూడదు, 911 పుట్టినప్పుడు దాని పేరు 901 కదా. కాబట్టి నంబర్ ఉందా లేదా అన్నది మొదటి మెట్టు మాత్రమే. ఆ చివరి రెండు అంకెలు చెప్పే సైజూ, పక్కనే కొట్టిన సైజూ, టేపు పెట్టి కొలిస్తే వచ్చే సైజూ మూడూ ఒకటేనా అన్నది రెండో మెట్టు. నకిలీ చేసేవాళ్ళు చాలామంది ఎక్కడో దొరికిన ఒక నంబర్ తీసుకుని అన్ని సైజులకీ అదే కొట్టేస్తారు, అక్కడ దొరికిపోతారు.

కొలిచేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త, రిమ్ వెడల్పు అంటే బయటి అంచు నుంచి బయటి అంచుకి కాదు, టైరు ఆనుకునే లోపలి గోడల మధ్య దూరం. బయట నుంచి కొలిస్తే ఓ అంగుళం ఎక్కువ చూపిస్తుంది, 6 అంగుళాల చక్రాన్ని 7 అని అమ్మేసేవాళ్ళలో సగం మంది ఈ లెక్క తెలియక అమ్మేవాళ్ళే.

తేదీ ముద్ర గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ధరలో పెద్ద వాటా దానిదే. చక్రం ఫుక్స్ దగ్గర తయారై, పోర్షేకి చేరి, కారుకి ఎక్కడానికి కొంత టైం పడుతుంది కాబట్టి చక్రం తేదీ కారు తయారైన తేదీకన్నా కొన్ని నెలలు ముందు ఉండాలి. 1972 ఆగస్టులో తయారైన కారుకి ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ ముద్రలున్న చక్రాలుంటే బాగా నప్పినట్టే. అదే కారుకి 1972 నవంబర్ ముద్ర ఉంటే అవి ఫ్యాక్టరీలో ఎక్కినవి కావు, తర్వాత ఎవరో మార్చారు. అలాగని అవి నకిలీ అని కాదు, అసలైన ఫుక్స్ చక్రాలే, ఆ కారుతో పుట్టినవి మాత్రం కాదు. ఈ తేడా పట్టించుకోకుండా ఒరిజినల్ అనే ఒక్క మాటతో రెండింటినీ కలిపేస్తారు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ఇంకో సంగతి, నాలుగు చక్రాల మీదా అచ్చం ఒకే తేదీ, ఒకే లోతులో, ఏమాత్రం అరగకుండా కొత్తగా కొట్టినట్టు ఉంటే సంతోషపడేకన్నా కాస్త అనుమానపడ్డం మంచిది. యాభై ఏళ్ళు బ్రేక్ దుమ్మూ, ఉప్పూ, టైరు షాపుల సుత్తి దెబ్బలూ తిన్న లోహం మీద ముద్ర అంత శుభ్రంగా ఉండదు.

రెప్లికా వెనక కూడా రాతలుంటాయి, అవి చదవడం వస్తే పని ఇంకా తేలిక. జర్మనీలో బయటి కంపెనీలు విడిగా అమ్మే చక్రాలకి ఆ దేశపు వాహన శాఖ ఇచ్చే కేబీఏ అనే అనుమతి నంబర్ ఉంటుంది. కారుతోపాటే అనుమతి పొందిన ఫ్యాక్టరీ చక్రానికి ఆ నంబర్ అవసరం లేదు. కాబట్టి 1970 నాటి ఫ్యాక్టరీ చక్రం అని చెప్పినదాని వెనక కేబీఏ నంబర్ కనిపిస్తే అది విడిగా అమ్మిన సరుకు అనే అర్థం. జపాన్ ప్రమాణాల గుర్తులైన జేడబ్ల్యూఎల్, వీఐఏ లాంటివి ఉన్నా అంతే, ఆ కాలపు జర్మన్ ఫ్యాక్టరీ చక్రం మీద వాటికి పనేముంది. పేరున్న రెప్లికా కంపెనీలు ఇవన్నీ దాచవు, తమ పేరూ, తట్టుకునే బరువూ అన్నీ వెనక స్పష్టంగా వేస్తాయి. వాళ్ళు చేసేది మోసం కాదు. ఆ రాతల్ని గ్రైండర్‌తో లేపేసి పెయింట్ వేసి ఒరిజినల్ అని అమ్మేవాడిదే మోసం, అలా గీకిన చోటు చుట్టుపక్కల లోహంకన్నా నున్నగా, కాస్త పల్లంగా ఉంటుంది, వేలితో తడిమితే తెలిసిపోతుంది. వెనకవైపు ఏ రాతా లేకుండా నున్నగా ఉన్న చక్రం కనిపిస్తే ఇంక బేరం ఆపేసి టీ తాగి ఇంటికెళ్ళొచ్చు.

రాతలు కాకుండా ఉపరితలం కూడా చూడాలి. పోత చక్రం వెనక లేత్ తగలని చోట ఇసక చల్లినట్టు సన్నటి గరుకు ఉంటుంది, అచ్చు భాగాలు కలిసిన గీత ఉండొచ్చు, అచ్చులోంచి తోసిన పిన్నుల గుండ్రటి గుర్తులు ఉండొచ్చు, బరువు తగ్గించడానికి రేకుల వెనక లోతుగా తవ్విన గుంతలుండొచ్చు. ఫోర్జ్ చేసినదాని వెనక దట్టంగా, నున్నగా ఉంటుంది.

ఇక సైజులు. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం కానీ నకిలీని ముట్టుకోకుండానే పట్టేసే మార్గం కూడా ఇదే. 1967లో 4.5 అంగుళాలు, 1968లో 5.5, 1969 నుంచి 6, ఇవన్నీ 15 అంగుళాల డయామీటర్‌వి. కొన్ని 911లకి 14 అంగుళాల 5.5 వెడల్పు ఫుక్స్ కూడా వచ్చాయి. 1973 కరెరా ఆర్‌ఎస్ 2.7కి ముందు 6, వెనక 7. 1975లో వచ్చిన టర్బోకి ముందు 7, వెనక 8. రేసుకెళ్ళిన ఆర్‌ఎస్‌ఆర్‌లకి 9, 11 వెడల్పువి. తర్వాత 70ల చివరికి 16 అంగుళాలకి వచ్చారు, 80ల టర్బోల చివరి ఏళ్ళలో వెనక 9 వెడల్పు 16 అంగుళాలవి. కాబట్టి 1973 కారుకి 17 అంగుళాల ఫుక్స్ ఉంటే దాని గురించి చర్చే అక్కర్లేదు. 1970 మోడల్ 911 ఎస్‌కి 16 అంగుళాలవి ఉంటే అవి అసలువే అయినా పదేళ్ళ తర్వాతి కారువి, లేదా పోర్షే 944వి, ఎందుకంటే ఆ కారుకి కూడా 16 అంగుళాల ఫుక్స్ ఆప్షన్ ఉండేది.

ఈ సైజుల్లో 1969 నుంచి 1971 దాకా వచ్చిన 6 అంగుళాల చక్రానికి ప్రత్యేకమైన గిరాకీ ఉంది, డీప్ సిక్స్ అని పిలుస్తారు, మధ్యభాగం లోపలికి ఎక్కువ దిగి ఉంటుంది, తర్వాత వచ్చిన 6 అంగుళాలది ముఖం చదునుగా ఉంటుంది. రెండూ ఫుక్సే, రెండూ ఫోర్జ్ చేసినవే, ధర మాత్రం చాలా తేడా. అందుకే రెప్లికా చేసేవాళ్ళకి కూడా డీప్ సిక్స్ అంటేనే ఇష్టం. రేసుల కోసం చేసిన 7 ఆర్ అనే 7 అంగుళాల చక్రం ఇంకా అరుదు. అరుదైనది తక్కువ ధరకి కనిపించినప్పుడు మన అదృష్టం అనుకునేవాళ్ళే ఎక్కువగా మునుగుతారు.

బోల్టు రంధ్రాల వరస కూడా చెప్తుంది. 911కి 130 మిల్లీమీటర్ల వృత్తం మీద అయిదు రంధ్రాలు. ఇదే పువ్వు ఆకారంలో 205 మిల్లీమీటర్ల వృత్తం మీద అయిదు రంధ్రాలున్న చక్రాలు కనిపిస్తాయి, అవి పాత ఫోక్స్‌వాగన్ బీటిల్స్‌కి సరిపోయేలా చేసినవి, 911కి ఆ కొలత ఎప్పుడూ లేదు కాబట్టి అవి కచ్చితంగా 911 ఫ్యాక్టరీ చక్రాలు కావు. నాలుగు రంధ్రాలవి కూడా చాలావరకు బీటిల్ రెప్లికాలే, కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. పోర్షే 914 అనే ఇంజిన్ మధ్యలో ఉండే చిన్న కారుకి ఫుక్స్ కంపెనీయే నాలుగు రంధ్రాల ఫోర్జ్ చక్రాలు చేసింది, వాటి బోల్టుల కొలత 60ల చివర్నుంచి వచ్చిన బీటిల్‌తో కలుస్తుంది. అంచేత ఏదో బీటిల్‌కి ఉన్న నాలుగు రంధ్రాల ఫుక్స్ చూసి నకిలీ అని కొట్టిపారేస్తే తప్పయిపోవచ్చు, అది అసలైన 914 చక్రం కావచ్చు. అలాగే వెనక ఫుక్స్ గుర్తు ఉన్నంత మాత్రాన పోర్షేది అనుకోనక్కర్లేదు, అదే కంపెనీ మెర్సిడెస్‌కి కూడా చాలా ఏళ్ళు ఫోర్జ్ చక్రాలు చేసింది.

బరువు తూచడం చాలా మంచి పరీక్ష, కానీ సరిగ్గా తూచాలి. టైరు ఉండగా తూచితే పనికిరాదు, టైరు కంపెనీని బట్టి కిలోలకి కిలోలు తేడా వస్తుంది. టైరు, వాల్వ్, బ్యాలెన్సింగ్ బరువులు తీసేసి వంటింటి కాటా కాకుండా సామాన్లు తూచే డిజిటల్ హుక్ కాటాతో తూచి, అదే సైజు అసలు చక్రంతో పోల్చాలి. 15 అంగుళాల 6 వెడల్పు అసలు ఫుక్స్ ఆరు కిలోల చుట్టుపక్కల ఉంటుంది. పోత పోసిన కాపీ దానికన్నా స్పష్టంగా ఎక్కువ తూగుతుంది. కానీ తేలిగ్గా ఉన్నంత మాత్రాన అసలుదని ఒప్పేసుకోకూడదు, ఈ మధ్య కొత్తగా ఫోర్జ్ చేసిన కాపీలు కూడా వస్తున్నాయి, అవి బరువు పరీక్షలో హాయిగా పాసైపోతాయి.

కొంతమంది చక్రాన్ని వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి శబ్దం వింటారు, సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూసినట్టు. ఫోర్జ్ చేసినది కొంచెం ఎక్కువసేపు మోగుతుంది అంటారు, కానీ ఆకారం, మందం, పెయింట్, ఎలా వేలాడదీశారు అన్నదాన్ని బట్టి శబ్దం మారిపోతుంది కాబట్టి దీని మీద డబ్బు పెట్టకూడదు. పగులు ఉన్న చక్రం మోగకుండా మొద్దుగా వినిపిస్తుంది, దానికి మాత్రం కాస్త పనికొస్తుంది.

తెలివైన పరీక్ష ఇంకొకటి ఉంది. పాత ఇనుము, అల్యూమినియం కొనే పెద్ద స్క్రాప్ యార్డుల్లో లోహం ఏ గ్రేడో చెప్పే ఎక్స్‌రే గన్ ఉంటుంది, హైదరాబాద్ లాంటి చోట టెస్టింగ్ ల్యాబుల్లో కూడా దొరుకుతుంది. చక్రం వెనక కనిపించని చోట పెయింట్ కొంచెం గీకి ఆ గన్ పెడితే సెకన్లలో ఏ లోహం ఎంత శాతమో చూపిస్తుంది. పోత మిశ్రమం అయితే సిలికాన్ 7 శాతం చుట్టూ కనిపిస్తుంది, ఫోర్జ్ మిశ్రమం అయితే ఒక శాతం చుట్టూ ఉంటుంది. ఈ తేడా ఎంత పాలిష్ చేసినా, ఎంత బాగా ముద్రలు కొట్టినా దాగదు. గన్ మరీ పాత మోడల్ అయితే సిలికాన్ లాంటి తేలిక మూలకాల్ని సరిగ్గా చూడలేదు, ఆ సంగతి ముందే అడిగి వెళ్ళాలి. ఇంత ధర పెట్టి కొనేటప్పుడు ఆ చిన్న ఫీజు పెద్ద లెక్కేం కాదు.

పైపూత విషయానికొస్తే ఇక్కడ అందరూ పొరబడతారు. అసలు ఫుక్స్ మీద ఉండేది క్రోమ్ కాదు, అనోడైజింగ్, అంటే అల్యూమినియం పైపొరనే కరెంటు సాయంతో గట్టి ఆక్సైడ్‌గా మార్చడం, అందుకే దాని మెరుపు కాస్త మెత్తగా, పట్టులా ఉంటుంది. రేకుల మధ్య పల్లాల్లో నల్ల పెయింట్. క్రోమ్‌లా మొహం కనిపించేంత మెరుపు ఉంటే అది రెప్లికా కావచ్చు, లేదా అసలు చక్రాన్నే ఎవరో రసాయనంతో అనోడైజింగ్ పొర తీసేసి బఫ్ కొట్టించి ఉండొచ్చు. రెండోది చాలా మామూలు. మల్టీమీటర్ రెండు కొసలు పైన ఆనిస్తే ఉత్త అల్యూమినియం అయితే కరెంట్ పారుతుంది, అనోడైజింగ్ ఉంటే పారదు, కానీ క్లియర్ కోట్ లాకర్ ఉన్నా పారదు కాబట్టి దీన్నిబట్టి తేలేది పాలిష్ చేసి అలా వదిలేశారా లేదా అన్నంత వరకే. మధ్యలో ఉండే పోర్షే ముద్ర మూత గురించి అయితే చెప్పక్కర్లేదు, అది ఏ చక్రానికైనా తగిలించొచ్చు, దాన్ని చూసి నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారంటేనే ఆశ్చర్యం.

అసలు చక్రమే, కానీ అసలు రూపంలో లేనిది ఇంకో రకం. ఇరుకు ఫుక్స్‌ని రిమ్ దగ్గర కోసి, మధ్యలో పట్టీ పెట్టి వెల్డ్ చేసి వెడల్పు చేస్తారు. ముందునుంచి చూస్తే అన్నీ అసలువే, ముద్రలు అసలువే, ఫోర్జింగ్ అసలుదే, ఎక్స్‌రే గన్ కూడా సరే అంటుంది. టైరు తీసి రిమ్ లోపల చుట్టూ వేలితో తడిమితే వెల్డ్ గీత దొరుకుతుంది, సైజు ముద్రలో 6 అని ఉండి టేపులో 8 వస్తుంది. మంచి చేతిలో పడితే బాగానే చేస్తారు, అయినా హీట్ ట్రీట్‌మెంట్ అయిన అల్యూమినియంని వెల్డ్ చేస్తే ఆ చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది అన్నది మారదు. అలాగే గుంతల్లో పడి వంగిన చక్రాన్ని వేడిచేసి సాగగొట్టి సరిచేసినవి. ఫోర్జ్ చేసినది దెబ్బ తగిలితే సాధారణంగా వంగుతుంది, పోతది పగులుతుంది, అది ఫోర్జింగ్‌కి ఉన్న గొప్ప గుణం, కానీ ఆ గుణం వల్లే పాత ఫుక్స్ చాలావాటికి జీవితంలో రెండు మూడుసార్లు సుత్తి తగిలి ఉంటుంది. కొనేముందు ఎర్ర రంగు డై పూసి తుడిచి పగుళ్ళు బయటపెట్టే పెనెట్రెంట్ పరీక్ష బోల్టు రంధ్రాల చుట్టూ, రేకు మొదళ్ళ దగ్గర చేయించాలి. ఈ లెక్కన చూస్తే, నాలుగుసార్లు సుత్తి దెబ్బలు తిన్న అసలు చక్రంకన్నా టెస్టింగ్ పాసైన కొత్త మంచి రెప్లికా రోడ్డు మీద ఎక్కువ భద్రం. ఒరిజినల్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఈ మాట నచ్చదు, కానీ గంటకి 120 కిలోమీటర్ల వేగంలో వెళ్ళేటప్పుడు చక్రానికి ముద్ర కన్నా లోహం ముఖ్యం.

ఇంకా చిక్కేంటంటే, ఓటో ఫుక్స్ కంపెనీ ఈ మధ్య ఆ పాత డిజైన్‌నే మళ్ళీ ఫోర్జ్ చేసి అమ్ముతోంది. అదే కంపెనీ, అదే ఆకారం, ఫోర్జ్ చేసినదే, మరి దాన్ని నకిలీ అనలేం, అలాగని 1970 నాటిదీ కాదు. కారు నడుపుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి దారి లేదు. పాత కార్లు ఎంత అసలు రూపంలో ఉన్నాయో చూసి మార్కులేసే కన్కోర్ పోటీల్లో పెట్టి తేదీలు చూపించి మార్కులు తెచ్చుకునేవాళ్ళకి పనికిరాదు.

నట్ల సంగతి ఎక్కువమంది పట్టించుకోరు, పట్టించుకోవాలి. పోర్షే చక్రం నట్టు కూర్చునే చోటు బంతిలా గుండ్రంగా ఉంటుంది, ఫుక్స్‌కి అల్యూమినియం నట్లు, 14 మిల్లీమీటర్ల మర. రెప్లికాల్లో కొన్నిటికి కూర్చునే చోటు శంకువులా వాలుగా ఉంటుంది. చక్రం రెప్లికా అని తెలియక పాత నట్లే బిగించేస్తే బంతి ఆకారం శంకువులో ఒక సన్న గీత మీద మాత్రమే ఆనుతుంది, బిగుతు రెంచ్‌లో 130 న్యూటన్ మీటర్లు చూపిస్తుంది, కొంత దూరం తిరిగేసరికి వదులవ్వొచ్చు. చక్రం అసలుదా కాదా అన్న ప్రశ్న డబ్బుకి సంబంధించినదే అనుకునేవాళ్ళు ఈ ఒక్కదాని కోసమైనా వెనక్కి తిప్పి చూడాలి.

ఈ గుర్తులన్నీ ఫుక్స్‌కి. ఇవే తీసుకెళ్ళి ఇంకో కారు మీద పెడితే బోల్తా పడతారు. పోర్షేలోనే 70ల్లో వచ్చిన కుకీ కట్టర్ అనే ఏటీఎస్ చక్రాలు పోత పోసినవే, అక్కడ పోత గరుకు కనిపిస్తే అది నకిలీకి గుర్తు కాదు. జపాన్ డాట్సన్ 240జడ్‌ల మీద కనిపించే వటనబె చక్రాలూ అంతే, అసలుదే పోతది, అక్కడ చూడాల్సింది కంపెనీ రాతలు, ఆఫ్‌సెట్ (అంటే చక్రం హబ్‌కి ఆనే చోటు రిమ్ మధ్యగీతకి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత). మినీ కూపర్ మీద మినీలైట్, 60ల ఇటాలియన్ కార్ల మీద కాంపాన్యోలో లాంటివాటిలో తొలినాటి అసలువి మెగ్నీషియంవి, రెప్లికాలు అల్యూమినియంవి, కాబట్టి అక్కడ బరువు తేడా ఇంకా ఎక్కువ. పైన పెయింట్ లేని చోట ఒక చుక్క వెనిగర్ వేస్తే మెగ్నీషియం అయితే వెంటనే నురగ కడుతుంది, అల్యూమినియం అయితే ఊరుకుంటుంది. ఆ తర్వాత వెంటనే కడిగి తుడిచెయ్యాలి, లేకపోతే పరీక్షే తుప్పు తెస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎయిర్ కూల్డ్ 911 (గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పాత 911) ఆన్‌లైన్‌లో చూసి కొనాల్సి వస్తే, అడగాల్సిన ఫొటోలు నాలుగు చక్రాల వెనకవైపు, ఒక్కోదానికీ విడివిడిగా, ముద్రలు చదవగలిగేంత దగ్గరగా, కాస్త పక్కనుంచి వెలుతురు పడేలా. ఎదురుగా ఫ్లాష్ కొడితే ముద్ర లోతు కనిపించదు. స్పేర్ చక్రం ఫొటో కూడా అడగాలి, చాలా కార్లలో నడిచే నాలుగు చక్రాలూ మారిపోయినా బోనెట్ కింద పడుకున్న అయిదోది ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోతుంది, కారు అసలు ఏ సైజుతో, ఏ నెల చక్రాలతో బయటికొచ్చిందో అది చెప్పగలదు, అయితే కొన్ని ఏళ్ళ కార్లకి స్పేర్‌గా స్టీల్ చక్రమో, గాలి తీసి మడిచిన చిన్న టైరో ఇచ్చారు కాబట్టి అది లేకపోతే కంగారు పడక్కర్లేదు.

ఫొటోలు వచ్చాక లెక్క ఇలా వేసుకోవాలి. ఉదాహరణకి 1972 ఆగస్టు కారు, 6 అంగుళాల ఫుక్స్ సెట్ కారుతో వచ్చినవే అని అమ్మేవాడి మాట, మూడు చక్రాల మీద ఆ ఏడాది మార్చి, మే నెలల ముద్రలు, నాలుగోదాని మీద 1978 నవంబర్ అనుకోండి. ఇందులో నకిలీ ఏదీ లేదు, ఎప్పుడో ఒకటి పాడైతే ఇంకో అసలుది వేసుకున్నారు. బేరం మాత్రం తేదీ కలిసిన మూడిటికి ఒక ధర, నాలుగోదానికి మామూలు 6 అంగుళాల ఫుక్స్ ధర అని విడగొట్టి ఆడాలి, ఎందుకంటే 1972 ముద్ర ఉన్న ఆ ఒక్కటి విడిగా వెతికి కొనాలంటే సెట్‌లో దాని వాటాకి వచ్చేదానికన్నా ఎక్కువే అడుగుతారు.